ఇంజను వెనకున్న బండి

మా ఆయన హార్లన్ పోయిన మూడో రోజు పొద్దున్నే కార్ల దుకాణం నుంచి ఫోనొచ్చింది.

"మిసెస్ నాప్, హార్లన్ గారి కెస్ట్రల్ వచ్చేసిందండీ. ఎప్పుడొచ్చి తీసుకెళ్తారు?"

మా కెస్ట్రల్ నలభై ఆరేళ్లుగా మా గ్యారేజీలోనే ఉందని చెప్పాను.

"అది కాదండీ. కొత్తది, పసుపుది. పోయినేడు ఆయనే వచ్చి రాయించుకున్నారు."

ఫోను పెట్టేసి, పొయ్యి ఆర్పానో లేదో మూడుసార్లు చూసుకున్నాను. ఆ పొద్దు అసలు వెలిగించనే లేదు.

కొత్త కెస్ట్రల్ అన్న మాట మా ఇంట్లో బూతు కింద లెక్క. అరవై ఏళ్లపాటు ఆ బండికి పొడుగాటి ముక్కు, ఆ ముక్కులో ఇంజను ఉండేవి. మూడేళ్ల కిందట కంపెనీవాళ్లు ఇంజను తీసుకెళ్లి సీట్ల వెనక పెట్టారు. ముక్కు పొట్టిదైపోయింది. వెనక గుండ్రటి దీపాలు పోయి పలకల దీపాలొచ్చాయి. ఒహాయోలో మొక్కజొన్న తప్ప మరేమీ కనబడని మా ఊళ్లో కెస్ట్రల్ క్లబ్బుంది. పంతొమ్మిది మంది సభ్యులు. అందరి మోకాళ్లూ కలిపినా సగమే సొంతవి. శనివారం పాన్‌కేకుల కొట్టులో అందరూ చేరినప్పుడు దీని మీద జరిగిన గొడవ యుద్ధాల గురించి కూడా జరగలేదు.

"ముందు నుంచి చూస్తే తుమ్మబోతున్నట్టుంది," అన్నాడు ఒకాయన.

"వెనక నుంచి చూస్తే తుమ్మేసినట్టుంది," అన్నాడు ఇంకొకాయన.

"వేగం మాత్రం అదిరిపోతుందట," అన్న మూడో ఆయన జన్మలో యాభై మైళ్లు దాటి నడిపిందిలేదు.

అప్పటికి ఆ బండిని కళ్లారా చూసినవాడు ఒక్కడూ లేడు. పత్రికలో బొమ్మ చూశారంతే.

తర్వాతి వసంతంలో ఎల్డన్ పసుపు రంగుది ఒకటి కొనుక్కుని పాన్‌కేకుల కొట్టు ముందు ఆపాడు. ఎల్డన్ మా పెళ్లిలో హార్లన్ పక్కన తోడుపెళ్లికొడుకుగా నిలబడ్డ మనిషి. యాభై ఏళ్ల స్నేహం.

"ఆవాల సాసు సీసాలో కూర్చుని వచ్చావేంట్రా?" అన్నాడు హార్లన్.

"ఒక్కసారి ఎక్కి చూడరా. దిగాక తిట్టు."

"శవపేటికలోనైనా పడుకుంటా గానీ దాన్లో మాత్రం కూర్చోను."

ఆ వారమే హార్లన్ తీర్మానం రాశాడు: డ్రైవరు ముందు ఇంజను లేని బండి క్లబ్బు బండ్ల వరసలో నడవరాదు. తప్పులు దిద్ది టైపు చేసింది నేనే. పదకొండు మంది ఔనన్నారు, ఎనిమిది మంది కాదన్నారు. ఎల్డన్ సగం కాఫీ వదిలేసి టోపీ తీసుకుని లేచాడు. ఎవరు వెళ్తున్నా మలుపు తిరిగేదాకా చూడటం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. ఆ రోజు ఎల్డన్ మలుపు దగ్గర చెయ్యి ఊపలేదు. తర్వాత రెండేళ్లూ వాళ్లిద్దరికీ మాటల్లేవు, మధ్య రెండు వీధులే అయినా. ఆ ఫోనుకి రెండు రోజుల ముందు, సోమవారం, హార్లన్ గ్యారేజీలో బండి తుడిచే గుడ్డ పట్టుకునే వాలిపోయాడు. నాకే ఒక్క మాట చెప్పలేదు, ఇక ఎల్డన్‌కేం చెబుతాడు!

అందుకే నాకు ఒకటే కోరిక మిగిలింది. మర్నాడు శ్మశానానికి వెళ్లే వరసలో ఎల్డన్ ఉండాలి.

మధ్యాహ్నం క్లబ్బు అధ్యక్షుడు రస్ డిట్మర్ ఏర్పాట్లు చెప్పడానికి వచ్చాడు. ఎల్డన్ సంగతి అడిగాను.

"అయ్యో వర్నా, ఎలా కుదురుతుందండీ? అది హార్లన్ తీర్మానం. ఆయన శవం ముందే ఆయన మాట తీసి గట్టున పెడతామా?" అంటూ కళ్లు తుడుచుకున్నాడు. దుకాణం ఫోను సంగతి నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే శనివారానికల్లా పోయిన మనిషి పాన్‌కేకుల మీద సిరప్ అయిపోతాడు. మింగేశాను.

కోటు వేసుకుని ఎల్డన్ ఇంటికి నడిచాను.

"రాను వర్నా. నా బండి బండే కాదన్నాడు. బండి లేకుండా రమ్మంటావా? రోడ్డు పక్కన నిలబడి టోపీ తీస్తాలే."

"ఎల్డన్, హార్లన్ కూడా ఒకటి తెప్పించుకున్నాడు. దుకాణంలో ఉంది. నాకు నడపడం రాదు."

వాడి ముఖం ఎర్రబడింది. "ఏంటీ? నన్ను వెళ్లగొట్టి, వాడు..." వాకిట్లో అటూ ఇటూ తిరిగాడు. తలుపు దబాలున వేసి లోపలికి పోయాడు. నేను మెట్ల మీదే నిలబడ్డాను. కాసేపటికి తలుపు సందులోంచి ఒక కన్ను కనబడింది.

"ఏ రంగు?"

"పసుపు."

"ముసలి గాడిద!" అన్నాడు ఎల్డన్. లోపలికెళ్లి టోపీ పెట్టుకుని వచ్చాడు.

బండి తెచ్చి మా వాకిట్లో పెట్టాడు. ఆ సాయంత్రం దాని పుస్తకం మూడువందల పేజీలూ చదివేశాను, ఏది ఊడిపోతుందో ఏమోనని. ఇంజను వెనక ఎందుకుందో అందులో ఎక్కడా రాయలేదు.

గురువారం పొద్దున శవాన్ని మోసే నల్ల బండి వెనకాలే మా పసుపు బండి ఆగింది. ఎల్డన్ నడుపుతున్నాడు, పక్కన నేను. పదహారు పాత కెస్ట్రల్‌లు దీపాలు వేసుకుని నిలబడి ఉన్నాయి. రస్ పరుగెత్తుకొచ్చాడు.

"వర్నా, ఇదేంటండీ? ఇంజను..."

"ఇది హార్లన్ బండి. దుకాణంలో అడుగు. హార్లన్‌ని వరసలోంచి తీసేస్తారా?"

రస్ మిగతావాళ్లని చేత్తో పిలిచాడు. పోయినవాణ్ణి పక్కనే ఉంచుకుని పదహారు మందీ గుంపుగా చేరి సమావేశం పెట్టారు. అంత్యక్రియల కంపెనీ పెద్దాయన గడియారం చూసుకుంటున్నాడు. పావుగంటకి తీర్మానం తయారైంది: మరణించిన సభ్యుల విషయంలో ఇంజను ఎక్కడున్నా అభ్యంతరం లేదు. ఒకాయన మాత్రం కాదన్నాడు, రేపు దీన్ని బతికున్నవాళ్లు వాడుకుంటారని.

ఇంకొకాయన బండి చుట్టూ తిరిగి, "హార్లన్‌కి ముందుచూపు ఎక్కువ. నేనెప్పుడూ అంటూనే ఉన్నాగా?" అన్నాడు.

"దగ్గర నుంచి చూస్తే అంత తుమ్మినట్టు లేదు," అన్నాడు తుమ్మాయన.

శ్మశానంలో పాస్టర్ ప్రార్థన ముగించాక అందరూ చర్చి భోజనానికి కదిలారు. ఎల్డన్ కదల్లేదు. గుంట అంచున నిలబడి టోపీ తీశాడు.

"రెండేళ్లురా!" అన్నాడు కిందికి చూస్తూ. "రెండేళ్లు నా బండిని సీసా అన్నావు. సిగ్గుందా నీకు? ఫోను చేస్తే నీ వేలు అరిగిపోతుందా? పోనీ, నేను చేస్తే నాది అరిగేదా? చెప్పు. అందులో బ్రేకు ఎంత మెత్తగా ఉంటుందో తెలుసా నీకు? తెలీదు. ఎక్కకుండానే పోయావు..."

రస్ వెనక్కి వచ్చి నా చెవిలో గుసగుసలాడాడు. "అక్కడ భోజనంలో హామ్ చల్లారిపోతోందండీ. ఆయన్ని పిలవమంటారా?"

"చల్లారనీ," అన్నాను. "మీరు తినండి."

రస్ వెళ్లిపోయాడు. ఎల్డన్ గొంతు పెంచి గేరు గురించి మొదలుపెట్టాడు. నేను కోటు బొత్తాలు పెట్టుకుని, వాడికి వినబడనంత దూరంలో ఒక రాతి మీద కూర్చున్నాను.