అన్నయ్య ఉపమానం

అమ్మ పోయిన నెలకే అన్నయ్య ఆమె మీద కథ రాసి, స్నేహితుల్ని హాల్లో కూర్చోబెట్టి చదివాడు. "అమ్మ దీపంలా చల్లగా ఆరిపోయింది" అనగానే ఒకాయన "ఆహా, ఏం ఉపమానం!" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

"దీపంలానా? ఊపిరాడక పొద్దంతా కొట్టుకుంది. నువ్వేమో పక్కగదిలో తలుపేసుకుని రాసుకుంటున్నావు. గొంతు పోయేలా పిలిచాను, పలికావా?"

"కథన్నాక కాస్త అందం ఉండొద్దటే?" అని నవ్వాడు.

చెయ్యి పట్టుకుని అమ్మ మంచం దగ్గరికి ఈడ్చుకెళ్లాను. మంచం పట్టె మీద ఆమె గోళ్లతో గీరిన గాట్లున్నాయి. వాటి మీద అతని వేళ్లు నొక్కిపెట్టాను. లాక్కోబోయాడు, వదల్లేదు.

"ఇవి దేనిలా ఉన్నాయో చెప్పు. నీ స్నేహితులు వింటున్నారు."