తలంటు లేని గురువారం

"బియ్యం నానబోసావా?" అన్నారు మా ఆయన ప్రద్యుమ్న, బుధవారం సాయంత్రం నేనింకా చెప్పులు విప్పకముందే. మర్నాడు మార్గశిర గురువారం. తెల్లారేసరికి గుమ్మం నుంచి దేవుడి గది దాకా బియ్యప్పిండితో లక్ష్మీపాదాలు దిద్దాలి. బరంపురంలో ఒడియావాళ్ళు దాన్ని ఝోటి అంటారు, మా తెలుగిళ్ళలోనూ అదే మాట. ఆ ఊళ్ళోనే లంజిపల్లి పేటలో ఉన్న మా ఇంట్లో ఏటా మా అత్తమ్మ నాగేశ్వరే వేసేది. ఆ సోమవారమే ఆవిడ కుడికంట్లో శుక్లం తీశారు, నేను నర్సుగా చేస్తున్న కంటాసుపత్రిలోనే.

"అత్తమ్మ వంగకూడదు," అన్నాను.

"అయితే నువ్వెయ్యి. కాస్త ముందు లేస్తే సరిపోతాది గదా."

ఆసుపత్రిలో నా పనే ఆపరేషనైనవాళ్ళకి జాగ్రత్తలు చెప్పడం. తలమీద నీళ్ళు పోసుకోవద్దు, కన్ను నులుముకోవద్దు, వంగొద్దు, బరువులెత్తొద్దు, పొయ్యి పొగకి దూరంగా ఉండండి. ముసలాయనకి ఆపరేషనైతే పక్కనున్న భార్య ప్రతి మాటా వల్లె వేసుకుంటుంది. ముసలమ్మకైతే కొడుకు ఫోన్ చూసుకుంటూ "అలాగే సిస్టర్" అంటాడు. ఇంటికెళ్ళాక ఆవిడ కంటిచుక్కలు ఆవిడే వేసుకోవాలి, ఆ ఇంటి వంట ఆవిడే వండాలి. పోయినేడు సోనేపూర్ నుంచి అమ్మడు అనే ముసలామె వచ్చింది. ఆసుపత్రి మైల పోవాలని ఇంట్లోవాళ్ళు తలంటు పోశారు. కన్ను చీము పట్టి మళ్ళీ నా దగ్గరికే వచ్చింది. ఆ కన్ను దక్కలేదు. "మాకెవరు సెప్పారు?" అని కొడుకు నా మీద అరిచాడు. నేను చెప్పాను. అతను వినలేదు, అంతే. అప్పట్నుంచీ ఇంటివాళ్ళ చేత తిరిగి చెప్పించుకోకుండా ఎవరినీ పంపడం లేదు. మా ఇంట్లో మాత్రం ఎవరి చేతా చెప్పించలేదు. నర్సు ఇంట్లోనే ఉంది కదా అనుకున్నారు అందరూ.

గురువారం తెల్లవారుతుండగా మిక్సీ ఆపానో లేదో, స్నానాల గదిలో నీళ్ళ చప్పుడు వినిపించింది. పరిగెత్తాను. అత్తమ్మ పీట మీద జుట్టు విరబోసుకుని కూర్చుంది, చెంబు తలపైకెత్తి. చెయ్యి పట్టుకుని ఆపేశాను.

"వొదులే! ఆసుపత్రి నుంచొచ్చినదాన్ని. తలకి పోసుకోకుండా లచ్చిందేవికి దండమెలాగెట్టమంటావు?"

"కన్ను పోతుంది అత్తమ్మా!"

ఆయన తలుపు దగ్గరికొచ్చారు. "ఒక్క చెంబు నీళ్ళకి ఏటైపోతాది? నీ ఆసుపత్రి కబుర్లు ఆసుపత్రిలో సెప్పుకో."

పెళ్ళయిన దగ్గర్నుంచీ వింటున్న మాటే. ఆయనకి జ్వరమొస్తే మాత్రం నా ఆసుపత్రి ఈ ఇంట్లోనే ఉంటుంది. ఒళ్ళు మండిపోయింది. బకెట్ నీళ్ళన్నీ ఒంపేశాను. తడిగుడ్డతో అత్తమ్మకి మెడ కింద నుంచి ఒళ్ళు తుడిచి, చీర కట్టి, హాల్లో కుర్చీలో కూర్చోబెట్టాను. ఎదురుగా స్టూలు వేసి ఆయన్ని కూర్చోమన్నాను.

"ఏటిది?" అంటూ నవ్వుతూ కూర్చున్నారు.

"ఇంటికి పంపేముందు అందరికీ చేసేదే. పేషెంటు నాగేశ్వరి. తోడొచ్చినవాళ్ళు ప్రద్యుమ్న. తలకి నీళ్ళు పోయొచ్చా?"

"నీకు డ్యూటీకి లేటవుతాది."

"అవనివ్వండి. పోయొచ్చా?"

ఆయన నవ్వు ఆగిపోయింది. "పోయకూడదు."

"వంగొచ్చా?"

"వంగకూడదు."

పిండిగిన్నె చేతిలోకి తీసుకున్నాను. "మరి పాదాలెవరు వేస్తారు?"

"నువ్వు."

"నేను డ్యూటీకెళ్తాను. మధ్యాహ్నం అత్తమ్మ కంట్లో చుక్కలెవరు వేస్తారు?"

ఆయన తల్లివైపు తిరిగారు. "మగాడు ఝోటి ఏస్తే నవ్వరా అందరూ? నువ్వైనా సెప్పమ్మా."

కొడుకు అడిగితే ఆవిడెప్పుడూ కాదనలేదు. "నానే ఏస్తాన్లే" అని లేస్తే ఇక నేనాపలేను. అమ్మడు కన్నులాగే ఈ కన్నూ నా చేతుల్లోంచే పోతుంది.

అత్తమ్మ కొత్తగా చూపొచ్చిన కంటితో స్టూలు మీదున్న కొడుకుని చూసింది. పిండిగిన్నె పట్టుకుని, తల కూడా దువ్వుకోకుండా నిలబడ్డ నన్ను చూసింది.

"ఇన్నాళ్ళూ మసకలో నాకు అవుపళ్ళేదురా," అంది మెల్లగా. "ఈ ఇంట్లో ఎవులు కూకున్నారో, ఎవులు నిలబడ్డారో. లెగు."

ఆయన లేచారు. పిండిగిన్నె ఆయన చేతికిచ్చి, చుక్కల సీసా ఎక్కడుందో చూపించాను. "చుక్కలు వేసేముందు చేతులు సబ్బుతో కడుక్కోండి," అన్నాను.

డ్యూటీకి టైమవుతోంది. అయినా ఆయన లేచిన స్టూలు మీద కాసేపు కూర్చున్నాను.