రెండు గళ్లూ ఒక గడ్డా

పుంగనూరులో కూరగాయల అంగడి నడిపే ఆదినారాయణకు దేవుడి మీద ఉన్న భక్తి మామూలుదే. సెల్‌ఫోనులో రోజుకొకటి వచ్చే మాటల ఆట మీద ఉన్నది మాత్రం గట్టిది. దాచిపెట్టిన నాలుగక్షరాల మాటను ఆరు ప్రయత్నాల్లో పట్టుకోవాలి. గుణింతం, ఒత్తు సహా అక్షరం తన చోట పడితే గడి పచ్చబడుతుంది. మాటలో ఉండి చోటు తప్పితే పసుపు, అసలు లేకపోతే నలుపు. ఉగాది నుంచి ఆయన ఒక్కరోజు కూడా ఓడలేదు.

అందుకు ఆయనకు కొన్ని సిద్ధాంతాలున్నాయి. వంకాయలకొచ్చిన వాళ్లకు కూడా అడక్కుండానే చెబుతాడు. మొదటి మాటలో ఒత్తులు ఉండకూడదు, కాబట్టి రోజూ 'అలసంద'. రెండో మాటలో ఒత్తు ఉండి తీరాలి. ఒకే తోకున్న మాటలు నాలుగైదు తగిలితే ఒక్కొక్కటే కొట్టుకుంటూ పోకూడదు, సంబంధం లేని మాటొకటి బలిపెట్టి అన్నిటి తలలూ ఒకేసారి తేల్చుకోవాలి. చెప్పని సిద్ధాంతం ఇంకొకటుంది, అది దొంగది. చుట్టాల గ్రూపులో అందరూ ఆట ముగించి రంగుగళ్లు పెట్టేదాకా ఆగి, అక్షరాల్లేని ఆ గళ్లను చూసి మాట ఊహించడం. ఈ సంగతి ఎవరికీ తెలియదని ఆయనొక్కడే అనుకుంటాడు.

ఆ గ్రూపులో సురేంద్ర గళ్లు కూడా పడతాయి. సురేంద్ర ఆయన చెల్లెలు ప్రమీల మొగుడు, కుప్పంలో తెలుగు అయ్యవారు. బావాబావమరుదులిద్దరికీ మధ్య మాటల్లేవు, గళ్లే.

మాటలు పోయింది ఒక మాట వల్లే. కుప్పంలో కొత్తింటి గృహప్రవేశానికి సురేంద్ర ఫోను చేసి, "రెండు మూటలు ఉల్లిగడ్డ పంపు బావా" అన్నాడు. పుంగనూరులో ఉల్లిపాయను ఎర్రగడ్డ అంటారు, బంగాళాదుంపను ఉర్లగడ్డ అంటారు. ఉల్లిగడ్డ అని ఎవరూ అనరు. పుస్తకంలోని ఆ మాట ఫోను గరగరలో పడి ఉర్లగడ్డగా తేలింది. పెళ్లికైనా సరిపోయే బంగాళాదుంపలు దిగాయి. వంటవాళ్లు నెత్తిన చేతులు పెట్టుకున్నారు, సాంబారు ఉల్లిపాయ లేకుండానే ఉడికింది. "అంగడి పెట్టుకున్నోడికి తెలుగు రాదు" అన్నాడు సురేంద్ర, పందిట్లో అందరి ముందరా. "ఎర్రగడ్డ అనేదానికి అయ్యవారికి నోరు తిరగల్యా" అన్నాడు ఆదినారాయణ. అంతే, విస్తరి ముందు నుంచి లేచి వచ్చేశాడు.

అప్పటి నుంచి ప్రమీల పుంగనూరు గడప తొక్కలేదు. ఆదినారాయణకు చెల్లెలంటే ప్రాణం. ఆమె గొంతు వినాలని రోజూ అనిపించేది, రోజూ రోషం అడ్డొచ్చేది. "పెద్దోడివి, నువ్వే ఒగ మాట పలకరించరాదా" అని భార్య అంబిక అంటే, "నాకు తెలుగు రాదంట గదా, ఏ భాషలో పలకరించేది?" అనేవాడు.

ఆ పొద్దు ఆయన సరుకు కోసం మదనపల్లె మార్కెట్టుకు వెళ్లాడు. టమోటాలు టెంపోలోకి ఎక్కుతుంటే ఫోను తీశాడు. ఆట ఇచ్చిన సూచన: వంటింటి వస్తువు. మూడో మాటకల్లా చివరి రెండు గళ్లూ పచ్చబడ్డాయి: గ, డ్డ.

గడ్డల వ్యాపారి గడ్డ దగ్గర ఆగుతాడా? సిద్ధాంతం గాలికొదిలి ఎర్రగడ్డ కొట్టాడు. మొదటి రెండు గళ్లూ నలుపు. వెల్లుల్లి గుర్తొచ్చి తెల్లగడ్డ కొట్టాడు. మళ్లీ నలుపు. కందగడ్డ కాదు, 'ద' అలసందలోనే పోయింది. చామగడ్డా ఆలుగడ్డా కావు, వాటి తలలు ముందు మాటల్లోనే నల్లబడ్డాయి. మిగిలినవి రెండే, ఉల్లిగడ్డా ఉర్లగడ్డా. మిగిలిన ప్రయత్నం ఒక్కటే.

ఆయన ఫోను జేబులో పెట్టుకుని టీ తాగాడు. టీ తాగినా గడ్డలు రెండే ఉన్నాయి. అప్పుడు దొంగ సిద్ధాంతం గుర్తొచ్చి గ్రూపు తెరిచాడు. సురేంద్ర గళ్లు పడి ఉన్నాయి. ఓడిపోయాడు. ఆఖరి వరసలో మొదటి గడి పచ్చ, రెండోది నలుపు, తక్కిన రెండూ పచ్చ.

ఆదినారాయణ లెక్క కట్టాడు. మొదటి అక్షరం 'ఉ'. సురేంద్ర ఒక గడ్డ కొట్టి తప్పాడు, కాబట్టి సరైనది రెండో గడ్డ. తెలుగు అయ్యవారు ఏ గడ్డ కొడతాడో మళ్లీ చెప్పాలా? ఉల్లిగడ్డే. అంటే జవాబు ఉర్లగడ్డ! కడుపు నిండిపోయింది. ఇన్నాళ్లకు ఆటే ఒప్పుకుంది ఎవరి తెలుగు తెలుగో. మీసం సవరించుకుని కొట్టాడు.

రెండో గడి నల్లబడింది. కింద జవాబు పడింది: ఉల్లిగడ్డ.

ఉగాది నుంచి వచ్చిన గెలుపుల వరస తెగింది. ఆయన దాన్ని చూడలేదు. సురేంద్ర ఆఖరి వరసనూ తన వరసనూ పక్కపక్కన చూశాడు. రెండూ ఒకటే. అయ్యవారు కొట్టింది ఉర్లగడ్డ. టమోటాల మధ్యనే నిలబడి ఫోను చేశాడు.

"ఏమప్పా సురేంద్రా. ఆ మాట యాల కొడితివి?"

"నా గళ్లు సూసి నువ్వు ఆడతావని నాకు తెలుసు బావా," అన్నాడు సురేంద్ర. "ఉల్లిగడ్డ కొట్టింటే గెలుస్తా ఉంటి. గెలిసి ఏం సేసుకునేది? ఆ పొద్దు గెలిసినా గదా, ఏం మిగిలె?"

ఆదినారాయణ సిద్ధాంతాలేవీ పనికి రాలేదు.

"ప్రమీల యాడ?" అన్నాడు చివరికి.

"ఈడే ఉండాది. కండ్లు తుడుసుకుంటాండాది."

"యాలప్పా?"

సురేంద్ర గొంతు సవరించుకున్నాడు.

"ఎర్రగడ్డ కోస్తాండాది," అన్నాడు తెలుగు అయ్యవారు.