తొక్క తీసే కూలి

సెప్టెంబరు వచ్చిందంటే మా లెస్కొవాత్స్ పట్నం వైపు ఊళ్లన్నీ కాలిన ఎర్ర క్యాప్సికం వాసనే. ఏడాదికి సరిపడా అయ్వార్ పచ్చడి ఇంటింటా పట్టాల్సిందే. నిప్పుల ముందు నిలబడి కాయలు కాల్చడం మగవాళ్లకు సరదా. తొక్క ఒలవడం మాత్రం ఆడవాళ్ల చాకిరీ. బస్తాలకొద్దీ కాయలు, అవీ వేడి మీదే ఒలవాలి. చల్లారితే తొక్క కండను పట్టుకుని వదలదు.

నేను పెళ్లిగౌన్లు కుడతాను. పోయినేడు కాయలు ఒలిచిన చేతులతోనే తెల్లపట్టు ముట్టుకున్నాను. ఎంత కడిగినా గోళ్లలో మిగిలిన ఎరుపు దానికి అంటింది. పెళ్లివాళ్లు నన్ను దులిపేశారు. మళ్లీ అలా జరిగితే నా గడప ఎవరూ తొక్కరు. ఇప్పుడూ బల్లమీద సగం కుట్టిన గౌను ఉంది. అందుకే పక్క వీధి రుమెనను కూలికి పిలిచాను.

మా ఆయన మిలుతిన్ గయ్యిమన్నాడు.

"పచ్చడికి కూలిమనిషా? ఊళ్లో నన్ను తలెత్తుకోనిస్తావా స్లావ్కా?"

"కట్టెలు కొట్టడానికి నువ్వు మనిషిని పెట్టలేదూ? అప్పుడు తల ఎక్కడ పెట్టుకున్నావు?"

"అది కష్టమైన పని."

"ఇది తేలికేగా! అయితే నువ్వే ఒలువు."

రుమెన నవ్వు ఆపుకుంటూ కాయ అందుకుంది. ఆమె పక్క పీట మీద మా అత్త స్తమెన కత్తి పట్టుకుని కూర్చుంది. తను ఈ ఇంటికి కోడలిగా వచ్చినప్పటినుంచీ ప్రతి ఏడూ ఆమెదే ఆ పీట. ఇక నా తాట తీస్తుందనుకున్నాను. తీస్తే తీయనీ, నేను తగ్గదలచుకోలేదు.

"దీనికెంత ఇస్తున్నావే?" అంది అత్త.

చెప్పాను.

అత్త కత్తి కింద పెట్టి లేచి నిలబడింది. "ఒరేయ్ మిలుతిన్, నాకూ అంతే ఇవ్వు."

"అమ్మా! కన్నకొడుకు దగ్గర కూలి అడుగుతావా?"

"తినేది నువ్వైతే ఊళ్లోవాళ్లనడగనా? పాత బాకీ వదిలేశాలే. ఇవాళ్టి నుంచి లెక్క."

మా ఆయన నా వైపు చూశాడు. నేను కదల్లేదు. కాయలేమో చల్లారిపోతున్నాయి. చివరికి రోషంగా ఆ పీట మీద తనే కూలబడ్డాడు. మొదటి కాయకు వేలు కాలింది. రెండోది చేతిలోనే ముద్దయింది. మూడోదాన్ని ముట్టుకోకుండానే పర్సు తీశాడు.

అత్త డబ్బు జేబులో కుక్కుకుంది. "నువ్వెళ్లి నీ గౌను చూసుకో," అంది నాతో. తర్వాత కొడుకు వైపు తిరిగింది.

"లేవరా. ఇది కూలివాళ్ల పీట."