ప్రేమయ్య పేరుకి పలికినోళ్లు

ఆ సోమవారం పొద్దున ఏడు గంటలకి, హోప్ టౌన్ బోటు యార్డులో ఇరవై ఏడేళ్ల నౌకరీ ఒక్క ఎర్రగీతతో పోయింది. కళ్లారా చూసినవాళ్లు ముప్ఫై మంది. నోరు తెరిచినవాడు ఒక్కడు లేడు. ముందు ఆ సిగ్గు ఒప్పుకుని, తర్వాత మిగతా కథ చెప్పుకుందాం.

మేస్త్రీ ధనరాజు రోజూలాగే మస్టరు పుస్తకం విప్పి రోజుకూలీల పేర్లు చదువుతున్నాడు. పేరు వచ్చినవాళ్లు "హాజర్" అనాలి.

"ప్రేమయ్య!"

"హాజర్!" అంది కాసులమ్మ.

ప్రేమయ్య అక్కడ లేడు. నడుం పట్టేసి రెండు రోజులుగా ఆస్పత్రి మంచం మీద ఉన్నాడు. ఆ సంగతి ధనరాజుకీ తెలుసు, గేటు దగ్గర కుక్కకీ తెలుసు. ఇదేదో దొంగతనం అనుకునేరు! భీమిలి, కళింగపట్నం నుంచి ఓడెక్కి ఈ దీవులకి వచ్చిన తాతల నాటి అలవాటిది. పడవలో ఒకడు జ్వరంతో పడుంటే, వాడి వాటా చేప వాడి గుమ్మంలో పడేది. మనవల చేతికి వల పోయి మస్టరొచ్చింది, అలవాటు మాత్రం మిగిలింది. ఒకరి పేరుకి పలికినవాళ్లు, బోటు అడుగున పట్టిన గుల్లలో ఆ మనిషి వంతు కూడా గీకి తీరాలి. ఒక్క గుల్ల మిగిలినా ఒప్పుకునేవాళ్లు కాదు.

కానీ ఆ రోజు బోటు చాటు నుంచి సర్కారు ఆఫీసరు బయటికొచ్చాడు. పక్కన కొత్త కంపెనీ మేనేజరు, చేతిలో వీడియో తీస్తున్న ఫోను.

"ప్రేమయ్య కౌన్ హై? సామ్నే ఆవో."

ఎవరు ముందుకొస్తారు? ఆఫీసరు మస్టరు లాక్కుని ప్రేమయ్య పేరు మీద ఎర్రగీత కొట్టాడు. వచ్చే నెల నుంచి యార్డు కంపెనీది అన్నాడు. సుధార్ జరుగుతోంది, అంతా బాగుచేస్తున్నాం, గోడకి మొహం గుర్తుపట్టే మెషీన్ వస్తోంది, ఇక మోసాలు ఖతమ్ అన్నాడు. మేనేజరు నవ్వు మొహంతో అందరికీ తలో కాగితం పంచాడు.

"ఎవరు ఎవరి పేరుకి పలుకుతారో ఇందులో రాయండి. శుక్రవారం తీసుకుంటాం. నిజం రాసినవాళ్లకి కంపెనీలో పక్కా పని."

పక్కా! రోజుకూలీ కాదు, నెల జీతం. ఆ మాట కోసం కాసులమ్మ పంతొమ్మిదేళ్లుగా ఎదురుచూస్తోంది. ఓట్లకొచ్చిన ప్రతి పార్టీ పక్కా చేస్తానంది, గెలిచాక మొహం చాటేసింది. మొగుడు పోయిన మనిషి, గుల్ల గీకే ఆ రేకు ముక్కే ఆమెకి అన్నం పెట్టేది. ఆ కాగితం మడిచి రొంటిన దోపుకుంది.

ఆ మధ్యాహ్నం నుంచే యార్డు మారిపోయింది. రోజూ బోటు నీడలో గుండ్రంగా కూర్చుని కూరలు కలుపుకు తినేవాళ్లు, ఎవరి డబ్బా వాళ్ల ఒళ్లో పెట్టుకుని తలోపక్కకి తిరిగారు. ఎవడైనా దగ్గినా ఎందుకు దగ్గాడా అని చూపులు. మన కట్టుబాటు సంగతి ఆఫీసరుకి చెప్పిందెవరు? ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. కాసులమ్మ మాత్రం పట్టేశాననుకుంది. బజారులో చేప కంటే ముందు తూకం రాయి తిరగేసి చూసే రకం ఆమె!

"ఇంకెవులు? ఆ వెరోనికానే," అంది ధనరాజుతో. "ఏసీ గదిలో కూకుని ఆ కంప్యూటర్ కొట్టీది ఆ పిల్లే కదేటి? మనల్ని అమ్మీసింది."

"తెలీకుండా అనకప్పా. పాపం తగుల్తాది."

"నాకు పక్కాగా తెల్సు!"

సాయంత్రానికి ఆ మాట ఊరంతా పాకింది. వెరోనికా డాలీగంజ్ నుంచి వచ్చి, చాతం రేవులో ఫెర్రీ ఎక్కి రోజూ యార్డు ఆఫీసుకి వస్తుంది. మర్నాటి నుంచి ఫెర్రీలో ఆమె పక్కన సీటు ఖాళీ.

గురువారం సాయంత్రం తెలుగు చర్చి అరుగు మీద మీటింగు పెట్టారు. ప్రేమయ్య భార్య జ్ఞానవతి ఓ మూల కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. ముందు లేచింది పోలిరాజు.

"కంపెనీ వొస్తే తప్పేటి? యూనిఫారం ఇస్తాడంట, పీఎఫ్ కడతాడంట. సర్కారోడు ఇన్నేళ్లలో ఏటిచ్చేడు మనకి? చేతికి బొబ్బలు తప్ప?"

"ఇచ్చీవోడు దోస్తుల మీద చాడీ చుగలీ ఎందుకు రాయమంతాడ్రా?" అన్నాడు ధనరాజు.

"నాకు ముగ్గురు పిల్లలున్నారు. నానేటీ మాటాడను," అని చిట్టితల్లి లేచి చెప్పులేసుకుని వెళ్లిపోయింది. ఆమె వెనక ఇంకో ఇద్దరు. "రాసీడానికే ఎల్తన్నారు," అని ఎవరో గొణిగారు.

సరిగ్గా అప్పుడే వెరోనికా మెట్లెక్కింది. కాసులమ్మ శివాలెత్తింది.

"ఏ మొకం పెట్టుకుని వొచ్చేవే? ప్రేమయ్య కూడు తీసీసి, ఆయన పెళ్లాన్ని పలకరించడానికొచ్చేవా?"

ఆ పిల్ల సంచీలోంచి కొన్ని కాగితాలు తీసింది. "పిన్నీ, వానల్లో సర్వే దీదీ ఒకావిడ వచ్చింది, గుర్తుందా? ఆవిడ రిపోర్టు నిన్న ప్రింటు తీయమన్నారు. ఒక ముక్క చదువుతాను, విను."

ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగు చేసి చదివింది. "ఒక మహిళా కార్మికురాలు ఎంతో గర్వంగా చెప్పింది: మా యార్డులో ఒకరికి జ్వరమొస్తే పని ఆగదు. వాళ్ల పేరుకి మేమే పలుకుతాం, వాళ్ల వంతు మేమే గీకుతాం. ఇరవై ఏళ్లలో ఒక్క ఇంటికి పస్తు రానివ్వలేదు."

వానలో తడిసొచ్చిన ఆ సర్వే పిల్లని ఇంట్లో కూర్చోబెట్టి, వేయించిన చేప పెట్టి, మురిసిపోతూ ఆ మాటలన్నీ చెప్పింది కాసులమ్మే. ఆమె నోట్లో నువ్వుగింజ నానదు. మంచి పని చేస్తున్నామంటే మెచ్చుకుంటారనుకుంది, పిచ్చిది! మన మంచితనాన్ని కూడా నేరం చేసి రాసుకునే ప్రభువులు ఉంటారని ఆమెకేం తెలుసు?

"ఓలమ్మో... నానే," అని నేల మీద చతికిలబడింది. "ఆ నోరు నాదే. జ్ఞానవతీ, నీ కొంపకి నిప్పెట్టింది నానేనే."

జ్ఞానవతి లేచి వచ్చి పక్కన కూర్చుంది.

"ఏడవడానికి టైము లేదు," అంది వెరోనికా. "కింద ఇంకా ఉంది. మెషీన్లొచ్చాక కంపెనీకి కావాల్సింది పన్నెండు మందే. మిగతావాళ్లని ఊరికే తీసేస్తే పరిహారం ఇవ్వాలి. మోసగాళ్లని తీసేస్తే ఇవ్వక్కర్లేదు. అందుకే మీ చేత మీ పేర్లే రాయిస్తున్నారు. ఆ మెషీనొస్తే నా కుర్చీ కూడా ఉండదు."

కాసులమ్మ రొంటిన ఉన్న కాగితం తీసింది.

"నాను రాయించీసేను. మీరందరూ నా పేరు రాసీస్తారని బెంగెట్టుకుని, ముందే ఒక పేరు రాయించి దాసేను. పోలిరాజూ, అది నీదేరా."

పోలిరాజు జేబులోంచి తన కాగితం తీసి విప్పాడు. "నాది నీ పేరే, అప్పా."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు అందరికీ అంటుకుంది. నవ్వుతూనే కొందరు ఏడ్చారు. నాలుగు రోజులుగా ఒకరి నీడకి ఒకరు జడిసిన మనుషులు కదా!

"ఆ పేరు కొట్టీసి నా పేరు రాయమ్మా," అంది కాసులమ్మ వెరోనికాతో. "పలికింది నాను. నా పేరే ఉండాల."

"నాదీ అంతే. నా పేరే రాయి," అన్నాడు పోలిరాజు. తర్వాత ధనరాజు. ఒక్కొక్కరే వచ్చారు. చదవడం రానివాళ్ల పేర్లు వెరోనికా రాసింది. ఇరవై ఏడు కాగితాల మీద ఎవరి పేరు వాళ్లే.

మిగిలిన ముగ్గురి సంగతి తెల్లారితే గానీ తెలీదు.

శుక్రవారం పోటు తొమ్మిదింటికి. బాగైన బోటు స్లిప్‌వే పట్టాల మీద కూర్చుని ఉంది. ఆ పెద్ద పోటు దాటితే మళ్లీ పదిహేను రోజుల దాకా దాన్ని నీళ్లలోకి దించలేరు. కంపెనీవాడు చేసుకున్న మొదటి ఒప్పందం ఆ బోటు మీదే.

ఆఫీసరు కాగితాలు తిరగేస్తుంటే మొహం మాడింది. "యే క్యా తమాషా హై? అందరూ దొంగలేనా? ధనరాజ్, మస్టర్ పఢో. ఆ కొట్టేసిన పేరు మాత్రం చదవొద్దు."

ధనరాజు కళ్లద్దాలు తుడుచుకున్నాడు. పద్దెనిమిదేళ్లలో ఆఫీసరు మాట జవదాటినవాడు కాదు. ఎర్రగీత మీద వేలు పెట్టి, గొంతెత్తి చదివాడు.

"ప్రేమయ్య!"

"హాజర్!" ఒక్క కాసులమ్మ కాదు, ముగ్గురు తప్ప యార్డు యార్డంతా పలికింది. పలికి, నడిచి వెళ్లి పట్టాల మీద కూర్చుంది. ప్రేమయ్యని తిరిగి తీసుకునే దాకా, ఇంకొక్క పేరు కూడా తీసెయ్యబోమని రాసిచ్చే దాకా బోటు కదలదు. పోటు నీళ్లు పైకొచ్చాయి, పట్టాల కొసలు ముంచాయి, మెల్లిగా వెనక్కి పోయాయి. మేనేజరు ఫోనులో ఎవరినో బతిమాలుతున్నాడు.

పదిన్నరకి పోలీసు జీపొచ్చింది. వీడియోలో దొరికింది కాసులమ్మే. సర్కారు రికార్డు తప్పుగా రాయించిన కేసట! లేడీ కానిస్టేబుల్ రెక్క పట్టుకుంది. చిట్టితల్లి దూరంగా, వంచిన తల ఎత్తకుండా నిలబడి ఉంది. కాసులమ్మ ఆమెని చూసింది. ఇదీ రాసిచ్చే ఉంటుంది అనుకుంది. అనుమానం అంత తొందరగా చస్తుందా?

జీపెక్కుతూ వెనక్కి తిరిగి అరిచింది. "నా వంతు గుల్ల మీరే గీకాల! ఒక్కటి మిగిలినా ఒప్పుకోను!"

జీపు గేటు దాటుతుంటే వెనక నుంచి ధనరాజు గొంతు వినబడింది.

"కాసులమ్మ!"

అందరికంటే ముందు, చిట్టితల్లి కీచు గొంతు: "హాజర్!" ఆ వెనకే మిగతా గొంతులన్నీ.

కానిస్టేబుల్ కంగారుగా ఇటు తిరిగింది. "కాసులమ్మ తుమ్ హీ హో న? మరి అక్కడ పలికింది కౌన్?"

కాసులమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

"అదీ నానే, మేడం."