బండ వైపు వాలడం

నేను ఒక తెడ్డును. గోదావరి నావల్లో వేసే ఒంటిరెక్క తెడ్డును కాను. అటొక రెక్క, ఇటొక రెక్క ఉన్న కయాక్ తెడ్డును. కయాక్ అంటే ఒక్క మనిషి నడుందాకా దూరి కూర్చునే చిన్న ప్లాస్టిక్ పడవ. నురగలు కక్కే ఏట్లో దాన్ని నడపడానికి జనం డబ్బిచ్చి మరీ వస్తారు, కడుపునిండా ఏటినీళ్ళు తాగి వెళతారు. ఇంట్లో మంచినీళ్ళ గ్లాసు చేతికందిస్తే తప్ప తాగనివాళ్ళు కూడా!

పుట్టింది ఏదో ఫ్యాక్టరీలో. అల్యూమినియం గొట్టానికి రెండు చివరలా రెక్కలు బిగించి, హిమాలయాల కింద ఒక క్యాంపుకి పంపారు. అక్కడ నన్ను పట్టుకున్నవాళ్ళలో చాలామంది ఫోటో కోసమే పట్టుకున్నారు. ఒకాయన గట్టు మీదే నిలబడి, జుట్టు మీద నీళ్ళు చల్లించుకుని, ఏరంతా ఈదినంత ఫోజు పెట్టాడు. ఆ క్యాంపు మూతపడ్డాక పాత సామానుతో పాటు మారేడుమిల్లి అడవుల్లో ఒక ఏటి ఒడ్డున పెట్టిన కొత్త క్యాంపుకి చేరాను. తెలుగు నేర్చుకున్నది అక్కడే. వీరవేణి చేతిలో పడ్డదీ అక్కడే.

వీరవేణిది గోదారి పడవలవాళ్ళ ఇల్లు. తండ్రి నూకరాజు బతుకంతా నావ మీద నిలబడి గడ వేశాడు. పొడుగాటి వెదురుతో అడుగుని పొడిచి పడవని ముందుకి నెట్టడం ఆయన పని. కూతురు రాజమండ్రిలో చీరల కొట్టు ఉద్యోగం మానేసి ఇక్కడ కయాక్ శిక్షణకి వచ్చింది. చివరి రోజు పై రేవు నుంచి కింది రేవుకి బోల్తా పడకుండా వచ్చినవాళ్ళకి క్యాంపులో గైడు ఉద్యోగం ఇస్తామన్నారు. “నీళ్ళు మాకేం కొత్తండి? పుట్టిందే పడవలో” అని వచ్చిన రోజే అందరి ముందూ అనేసింది. నోరా వీపుకు తేకే అన్న సామెత పాపం అప్పుడు గుర్తు రాలేదు.

ఏటి మధ్యలో ఒక నల్లబండ ఉంది. పడవ అడ్డం తిరిగి దాని మీదకి పోగానే, వీరవేణి నన్ను చాచి బండని తోసేది. ‘రాయి కనబడితే తోసెయ్’ అని చిన్నప్పుడే తండ్రి నేర్పాడు. బరువైన నావలో నిలబడి తోస్తే అది చెల్లుతుంది. కయాక్‌లో తోస్తే ఒళ్ళు అవతలికి, అంటే వచ్చే నీళ్ళ వైపుకి ఒరుగుతుంది. నీళ్ళు అంచెక్కి కూర్చుంటాయి. మరుక్షణం తల కింద, పడవ పైన.

“వేణి గారూ, బండని తొయ్యకండి. దాని మీదకే వాలిపోండి, కావిలించుకోండి. నీళ్ళు పడవ కిందనుంచి పోతాయి, బండే వదిలేస్తాది” అని చెప్పేవాడు కోచ్ ఇమ్మానుయేలు.

“మీద పడే బండ మీదకి ఎవరైనా వాలతారాండి?” అనేది. మళ్ళీ తోసేది. మళ్ళీ మునిగేది.

మొన్నటిదాకా ఏరు మొహం చూడని బ్యాంకు గుమస్తా కూడా జుట్టు తడవకుండా దిగిపోతుంటే, ఆ పడవల ఇంటి ఆడపిల్ల తడిసి ముద్దై ఒడ్డెక్కి తలెత్తేది కాదు. భోజనాలకి అందరూ లేచాక వచ్చేది. సిగ్గు నాకు మాత్రం లేదా? బండని పొడిచి పొడిచి నా రెక్క పళ్ళూడిన దువ్వెనలా అయింది.

ఇమ్మానుయేలు విసుక్కోకుండా లోతు లేనిచోట ఒక చిన్న రాయి దగ్గరకి తీసుకెళ్ళాడు. కళ్ళు గట్టిగా మూసుకుని వీరవేణి రాతి మీదకి వాలింది. పడవ బోల్తా పడలేదు. నమ్మలేక ఆ రాయిని అలాగే పట్టుకుని ఉండిపోతే, ఆయనే వచ్చి విడిపించాడు. ఆ తర్వాత చిన్న రాళ్ళన్నిటినీ వరసపెట్టి కావిలించుకుంది. నల్లబండ మాత్రం మిగిలిపోయింది.

చివరి రోజు నూకరాజు బస్సు దిగాడు. రావద్దని చెప్పడానికి కూతురికి నోరు రాలేదు. కూతురు గైడవుతోందని ఆయన అప్పటికే పేటంతా చాటేశాడు. గోదారివాళ్ళు పడవకి చేసినట్టే నా రెండు రెక్కలకీ పసుపు రాసి బొట్టు పెట్టాడు. అందరూ చూస్తుంటే వీరవేణి నేలలోకి కుంగిపోయింది.

పై రేవు నుంచి బాగానే వచ్చాం. బండ దగ్గర పడవ అడ్డం తిరిగింది. ఒడ్డు మీంచి కేక.

“తొయ్యవే! తెడ్డెట్టి తొయ్యవే అమ్మా! మునిగిపోతావే!”

ఆమె వేళ్ళు నా మీద బిగుసుకున్నాయి. నేను సగం దూరం బండ వైపు చాచుకున్నాను కూడా. అంతలో ఆమె నన్ను గుండెకి లాక్కుని, భుజంతో బండ మీదకి వాలిపోయింది. పడవ గజగజ వణికింది. నీళ్ళు కిందనుంచి దూసుకుపోయాయి. ముక్కు తిరిగి, మెల్లగా జారి, నిటారుగా కింది రేవుకి చేరాం.

అందరూ చప్పట్లు కొట్టారు. నూకరాజు కొట్టలేదు. ఇన్నాళ్ళూ ఆ బండని తోసి తోసి మునిగేదని పక్కవాళ్ళు అప్పుడే ఆయనకి చెప్పారు. కూతురు ఒడ్డెక్కాక దగ్గరకొచ్చి గొంతు తగ్గించి అడిగాడు.

“ఇన్నాళ్ళూ పడింది నేన్నేర్పిందాని వల్లేనేటే?”

“కాదు నాన్నా. నాకే సరిగ్గా రాక.”

“అబద్దవాడకే. ఇందాక నా మాటినుంటే పోయేదానివి.” తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. చెమట కాదది. “ఇంకోసారి దిగు. ఈసారి నోరు మూసుకుని సూత్తాను.”

వీరవేణికి ఉద్యోగం వచ్చింది. కొన్నాళ్ళకి నా రెక్క పూర్తిగా చీలితే షెడ్డులో మూలన నిలబెట్టారు. నూకరాజు కూతుర్ని చూడటానికి వచ్చినప్పుడల్లా షెడ్డులోకి వస్తాడు. అటూ ఇటూ చూసి తలుపు దగ్గరగా వేస్తాడు. నేల మీద కాళ్ళు చాపుకుని కూర్చుని, నన్ను గుండెకి హత్తుకుని, భుజంతో గోడ మీదకి వాలతాడు. బతుకంతా తోసిన ఒళ్ళు కదా, ఒక పట్టాన వాలదు. మళ్ళీ సర్దుకుని మళ్ళీ వాలతాడు. బయట ఎవరిదైనా అడుగు వినబడితే చప్పున లేచి, తువ్వాలుతో నా దుమ్ము దులుపుతాడు.