నమిలే వంతు

“ఈ పాప పళ్ల భారం ఇక నాది. వచ్చే ఓడకే డాక్టరు దిగుతారు.”

దీవిలో హాడో ఓడరేవు దగ్గర షామియానా కింద, ఎనిమిదేళ్ల గౌతమి తల మీద చెయ్యి పెట్టి, గణేశ్వరరావు మైకులో అన్న మాటలివి. పిల్లల పళ్ల పథకానికి ఆయనే అధికారి. జనం చప్పట్లు కొట్టారు. తర్వాత ఓడలు వచ్చాయి. సిమెంటు దిగింది, ఉల్లిపాయలు దిగాయి, ఎవరి పెళ్లికో బ్యాండుమేళం కూడా దిగింది. డాక్టరు దిగలేదు.

అదే ఊళ్లో జంగ్లీఘాట్ పేటలో గౌతమి తల్లి పద్మినికి రోజు ఎప్పటిలాగే మొదలయ్యేది. చేపల రేవు నుంచి వచ్చి, చేతులు కడుక్కుని, గోడకి చేరగిలబడి కూతురి కోసం నమిలేది. రొట్టె, వేపిన కానాగంత చేప, జామకాయ ముక్క. ఆమె ఇక్కడ నమిలితే అక్కడ మంచం మీద గౌతమి కడుపు నిండేది.

“అమ్మా, ఉప్పు ఎక్కువైంది.”

“మీ నాన్న వండినాడు. ఆయన్నే అడుగు.”

గౌతమి జబ్బు తండ్రి జోగులు నుంచి వచ్చింది. కాలు జారితే చాలు, విరిగే ఎముకలు. తెల్లగుడ్డు నీలంగా మెరిసే కళ్లు. తేనెరంగు పళ్లు. చూడ్డానికి పళ్లు అందంగానే ఉండేవి. కానీ పైపొర పెచ్చులుగా ఊడిపోయి, లోపలిది సబ్బుబిళ్లలా అరిగిపోయేది. జోగులుకి ముప్పై ఐదేళ్లకే నోట్లో ఒక్క పన్ను మిగల్లేదు. గౌతమి వెనక పళ్లు అప్పుడే చిగురుదాకా అరిగాయి. ఒకదాని కింద చీము పట్టింది.

మొదటి పన్ను విరిగిన రోజున పద్మిని కూతురి తల మీద చెయ్యి పెట్టి, “నీ భారం నాది” అంది. అప్పట్నుంచి ఆమె నమిలిందంతా పిల్లకే చేరేది. నమలకుండా తాగింది మాత్రమే ఆమెకు దక్కేది. గంజి, టీ, మజ్జిగ, వాటితోనే బతికేది. వీధిలో ఎవరూ దానికి వింతపడలేదు. ఇడ్లీబండి నాన్సీ, “ఇదిగో దీదీ, పాపకి రెండు. నువ్వు సాంబారు తాగు,” అని గ్లాసు అందించేది.

కానీ నమలడం వైద్యం కాదు. కడుపు నిండినా పన్ను సలుపుతూనే ఉండేది. ఊళ్లో పళ్ల డాక్టరు నోరు తెరిపించి చూసి చేతులెత్తేశాడు. “దవడ విరిగితే ఎవరు జవాబు చెప్తారు భయ్యా?” అని జోగులునే అడిగాడు. ఎముకల డాక్టరు తేల్చి చెప్పాడు: ఎముకలకి ఎక్కించే మందు అక్టోబరులో మళ్లీ మొదలవుతుంది, అది ఎక్కాక పన్ను తీస్తే దవడ మానదు, చెడ్డ పన్ను తీయడం, మిగతావాటికి తొడుగులు వేయడం ఆలోపే అయిపోవాలి, ఈ జబ్బు తెలిసిన పళ్ల డాక్టరే చెయ్యాలి. కిందటేడు చెన్నై తీసుకెళ్దామని బయల్దేరితే ఓడ మెట్ల మీదే పిల్ల తొడ ఎముక విరిగింది.

పద్మిని ఆఫీసుకెళ్లింది. గణేశ్వరరావు జీడిపప్పు నములుతున్నాడు.

“పాప బరువు చూశానమ్మా. బాగుంది. పోషణకి లోటు లేదు. నువ్వు నములుతున్నావు కదా, ఇంక అర్జెంటేముంది? డాక్టర్ని రప్పించే పని ఆపించేశాను.”

“నా నోరు బాగుందని నా పిల్లకి డాక్టరు వద్దా, సాబ్?”

“తల్లి ప్రేమని మించిన వైద్యం ఏముందమ్మా?” అని ఆయన ఇంకో పలుకు నోట్లో వేసుకున్నాడు.

ఎంత చవక ఆ మాట! సర్కారు చెయ్యాల్సిన పని తల్లి చేస్తే, దానికి ప్రేమ అని పేరు పెట్టి, దండ వేసి, తాము చేతులు దులుపుకోవడం. తండ్రి ఎత్తుకుంటాడు కనక బడికి వాలుదారి కట్టరు. తల్లి నములుతుంది కనక డాక్టర్ని తేరు. పేదవాడి ఓపిక ఎంతవరకో అంతవరకే వీళ్ల బడ్జెట్టు. ఆరోగ్యం భిక్ష కాదు, హక్కు అని ఆ గదిలోనే గోడ మీద రాసి ఉంది. ఆ అక్షరాలకే కుర్చీ ఆనించి కూర్చున్నాడాయన.

“రేపట్నుంచి నమల్ను,” ఇంటికొచ్చి అంది పద్మిని. “నా చెయ్యి తీసేత్తాను.”

“నీకేటి, మతి పోనాదేటి?” జోగులు లేచి నిలబడ్డాడు. “నువ్వు చెయ్యి తీత్తే పస్తు పిల్లది గానీ ఆ సాబ్‌ది కాదు.”

“ఇన్నాళ్లూ నాను చేసింది ప్రేమ కాదు, పని. ఆళ్ల పని. పని ఆపితే సమ్మె అంటారు.”

“సమ్మెకి నా బిడ్డ కడుపు పణం పెడతావేటి?”

మంచం మీద నుంచి గౌతమే అంది: “నువ్వు సమ్మెకి కూర్చో అమ్మా. నేను గంజి తాగుతా. చల్లారబెట్టి ఇయ్యి నాన్నా, వేడి తగిలితే పన్ను జివ్వుమంటాది.”

తెల్లారి పద్మిని కూతురి తల మీద చెయ్యి ఉంచి, తీసేసింది. ఆఫీసు మెట్ల మీద కూర్చుంది. రేవులో చేపలమ్మే ఆడవాళ్లు అట్టముక్కలు పట్టుకొచ్చారు: ‘దయ వద్దు! డాక్టరు కావాలి!’ గుమాస్తాలు ఆమెను దాటుకుంటూ టిఫిన్లకి వెళ్లారు. ప్రతి నినాదం వెనకా ఆమెకి కూతురి ఖాళీ కడుపే వినబడింది. సాయంత్రానికి ఇక ఆగలేక ఆటో ఎక్కి ఇంటికి పరుగెత్తింది.

గౌతమి వెల్లకిలా పడుకుని పొట్ట నిమురుకుంటోంది. పెద్దగా త్రేన్చింది.

“ఏటి తిన్నావే?”

“ఏం తినలేదు. గంజి కూడా పట్టలేదు. పొద్దున జీడిపప్పు వచ్చింది. తర్వాత మటన్. ఇప్పుడే కేక్ అమ్మా, పైన ఎర్ర చెర్రీ!”

ఆ ఇంట్లో చెర్రీ రుచి ఎరిగినవాళ్లు లేరు. జోగులు కూతురి తల వైపు చూశాడు. “దీని తల మీద చెయ్యెట్టి మాటిచ్చినోళ్లు నువ్వు కాక ఇంకెవరే?”

ఇద్దరికీ ఒకేసారి షామియానా గుర్తొచ్చింది. వంతు మారింది.

పద్మిని ఉట్టి మీంచి వేపిన చేపముక్క తీసి కొరికింది. అది తిన్నగా తన కడుపులోకే దిగింది. నమిలింది తనకే చేరడం ఎలా ఉంటుందో ఆమె మరిచేపోయింది. తింటూనే ఏడ్చింది, కోపంతో.

ఆఫీసులో గణేశ్వరరావు ప్లేటు మీద ప్లేటు తిన్నాడు, ఆకలితోనే లేచాడు. బెల్టుకి కొత్త కన్నాలు పడ్డాయి. బంట్రోతు ఆయన ముందు గంజిగ్లాసు పెట్టి, “నమలకండి సాబ్, తాగండి. పాపకి ఇందాకే టిఫిన్ అయింది,” అనేవాడు. గౌతమి బుగ్గలు నిండాయి. పన్ను మాత్రం సలుపుతూనే ఉంది.

చివరికి ఆగస్టు నెలాఖరున ఆయనే జంగ్లీఘాట్ వచ్చాడు, జారుతున్న ప్యాంటు ఒక చేత్తో పట్టుకుని.

“అమ్మా, మళ్లీ నువ్వే చెయ్యి పెట్టు. నెలనెలా బియ్యం ఇప్పిస్తాను.” మాట్లాడుతూనే అలవాటుగా సంచిలోంచి అరటిపండు తీసి కొరికాడు.

“సార్, బస్, చాలు! పొట్ట పగిలిపోతోంది,” అంది గౌతమి.

ఆయన నోటి ముద్ద మింగాలో ఉమ్మాలో తెలియక బిగుసుకుపోయాడు. గౌతమి నోరు తెరిచి చూపించింది. అరిగిన తేనెరంగు మొండి పళ్లు, ఉబ్బిన చిగురు. షామియానా కింద ఆయన చూసింది కెమెరాని. ఈ నోటిని చూడటం ఇదే మొదలు.

“నమిలింది దక్కకపోతే ఎలా ఉంటుందో తెలిసిందమ్మా,” అన్నాడు తల దించుకుని.

“సగమే తెలిసింది. సలుపు ఇంకా తెల్లేదు.” పద్మిని రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుంది. “బియ్యం ఒద్దు. అక్టోబరులో దానికి మందు ఎక్కిత్తారు. ఆలోపు పళ్ల పని అయిపోవాల. ఏ డాక్టరు, ఏ ఓడకి, నాకు జవాబు కావాల.”

“ఎప్పటిలోగా?”

“సెప్టెంబరు పది. అందాకా నమిలే వంతు మీదే, సాబ్.”